భీమవరంలో మా కంటి డాక్టరమ్మ

రొయ్యల ప్లాంటులో లెక్కలు రాసే పని నాది. పగలంతా ఏసీ, కంప్యూటరు. సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు గరగర, పైగా నీళ్లు కారడం. చూపించుకుంటే, కళ్లు పొడిబారాయన్నారు డాక్టరమ్మ. 'నీళ్లు కారుతుంటే పొడిబారడం ఏంటండీ?' అన్నాను. మంటకి కారే నీళ్లు కంటిమీద నిలవవని ఓపిగ్గా చెప్పారు. కింది రెప్పకి సన్నటి కాగితం తగిలించి, 5 నిమిషాలు కూర్చోబెట్టి, ఎంతవరకు తడిసిందో కొలిచారు. స్క్రీన్ చూస్తుంటే రెప్ప వేయడం తగ్గిపోతుందట. ఏసీ గాలి మొహానికి కొట్టకూడదట. ప్రిజర్వేటివ్ (పాడవకుండా కలిపే మందు) లేని చుక్కలు రాశారు, ఖరీదు కాస్త ఎక్కువే. గోరువెచ్చని గుడ్డతో మూసిన రెప్పల మీద కాపడం మాత్రం పైసా ఖర్చులేనిది, నాకు బాగా పనిచేసింది. కళ్లజోడు కొనమని ఒత్తిడి చేయలేదు, అది నచ్చింది. వెయిటింగ్ హాల్లో కుర్చీలు చాలవు. సోమవారం వెళ్లకండి, ఒకటే రద్దీ.