ఫైలును కళ్లారా చూసే హక్కు: ఆరేళ్ల అనుభవం

ఆరేళ్లుగా ఒక కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థకు సమాచార హక్కు దరఖాస్తులు పెడుతున్నాను. దరఖాస్తు ఎలా పెట్టాలో, రుసుము ఎంతో అందరికీ తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 2(జె) గురించి. నకళ్లు తీసుకోవడమే కాదు, రికార్డులను స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా అందులో ఉంది. చట్టం 2005 నాటిదే అయినా, ఆ ఒక్క మాట విలువ నాకు నాలుగో ఏట గాని తెలిసిరాలేదు.

ఆ సంస్థవారు మా ఊళ్లో ఒక ఆరోగ్య సర్వే చేశారు. మా నాన్న రెండుసార్లు రక్తం ఇచ్చారు. ఫలితాలు చెబుతామన్నవారు మళ్లీ రాలేదు.

మొదటి దరఖాస్తులో “ఎందుకు” అని అడిగాను. నివేదిక ఎందుకు రాలేదు, మాకెందుకు చెప్పలేదు అని. కారణాలు వివరించడం సమాచారం కిందికి రాదని ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. కోపం వచ్చింది కాని తప్పు నాదే. ఉన్న రికార్డు ఇస్తే చాలు, లేనిదాన్ని తయారుచేసి ఇవ్వనక్కరలేదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. రెండోసారి సర్వే పత్రాలన్నింటి నకళ్లు అడిగాను. కాగితాలు చాలా ఉన్నాయి, వెతికి తీయాలంటే సిబ్బంది పనులన్నీ ఆగిపోతాయంటూ సెక్షన్ 7(9) చూపించి తిరస్కరించారు. ఇది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అడిగిన రూపంలో ఇవ్వడం భారమైతే మరో రూపంలో ఇవ్వవచ్చన్నదే ఆ సెక్షన్ భావం, అసలే ఇవ్వవద్దని కాదు. మొదటి అప్పీలులో అదే రాశాను. నకళ్లు తీయడం కష్టమైతే ఫైలు చూపించండి, కావలసిన పేజీలు నేనే ఎంచుకుంటాను అన్నాను. అప్పిలేట్ అధికారి ఒప్పుకున్నారు.

తనిఖీకి మొదటి గంట ఉచితం, ఆపైన గంటకు 5 రూపాయలు. గుమాస్తా రెండు లావుపాటి ఫైళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చున్నారు. రక్తం ఇచ్చినవారి పేర్లున్న పేజీలను ముందే తెల్లకాగితంతో కప్పి పిన్నులు కొట్టారు. అది సబబే. మా నాన్న పరీక్షల వివరాలు ఇంకొకరు చదవడం నాకూ ఇష్టం ఉండదు. తర్వాత నోట్ షీట్లు, అంటే అధికారులు ఒకరికొకరు అభిప్రాయాలు, ఆదేశాలు రాసుకునే కాగితాలు, తిప్పడం మొదలుపెట్టాను. వివరించనక్కరలేదన్న కారణం ఆ పచ్చకాగితాల మీద సంతకాలతో సహా ఉంది! ఊరివారికి పంచడానికి తెలుగులో నాలుగు పేజీల సారాంశం సిద్ధమైంది. అచ్చు వేయడానికి అనుమతి కోరుతూ ఫైలు పైకి వెళ్లింది. ఈలోగా అధికారి బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినవారు “చర్చించాలి” అని రాసి కిందికి పంపారు. చర్చ జరిగినట్టు ఆ తర్వాత ఎక్కడా లేదు. ఆ నాలుగు పేజీలు ఫైలు చివర ట్యాగుకు గుచ్చి అలాగే ఉన్నాయి. అవి ఉన్నాయని తెలిస్తే కదా అడగడానికి! ఎన్ని దరఖాస్తులు పెట్టినా నేను వాటి పేరు రాసి ఉండేవాడిని కాను. మొత్తం 23 పేజీలకు 46 రూపాయలు కట్టి నకళ్లు తెచ్చుకున్నాను. నాన్న ఆ సారాంశాన్ని రెండుసార్లు చదివి, తనతోపాటు రక్తం ఇచ్చిన పక్కింటాయన కోసం మరో ప్రతి తీయించమన్నారు.

దరఖాస్తులు పెట్టే ఆన్‌లైన్ పోర్టల్‌ను మొదట్లో అందరి దగ్గరా మెచ్చుకునేవాడిని. తపాలా ఖర్చు, పోస్టల్ ఆర్డర్ బాధ లేకపోవడం ఇప్పటికీ మేలే. కాని దరఖాస్తు పరిష్కారమైందని అందులో కనిపిస్తే, ఏదో ఒక జవాబు పంపారని మాత్రమే అర్థం. నా రెండు తిరస్కరణలూ అక్కడ పరిష్కారాలే.

తనిఖీ కూడా ప్రతిసారీ అంత చక్కగా జరగలేదు. నిరుడు మరో ఫైలు కోసం వెళితే నోట్ షీట్లు విడదీసి, ఉత్తరాల భాగం మాత్రమే ముందు పెట్టారు. దానిమీద కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు పెట్టాను, ఇంకా విచారణకు రాలేదు. అందుకే ఇప్పుడు దరఖాస్తులో “నోట్ షీట్లతో సహా పూర్తి ఫైలు తనిఖీ” అని విడిగా రాస్తున్నాను.

నాకు కావలసింది ఒక్క సర్వే. ఆ కార్యాలయం మా ఊరికి బస్సులో మూడు గంటల దూరం, ఒకరోజు సెలవు పెడితే సరిపోయింది. అదే ఫైలు ఢిల్లీలో ఉండి ఉంటే ఈ పద్ధతిని ఇంత గట్టిగా మెచ్చుకునేవాడినో కాదో. పెద్ద ఎత్తున గణాంకాలు కావలసిన పరిశోధకులకు కూడా బల్ల ముందు ఒక గంట కూర్చోవడం వల్ల ఒరిగేది తక్కువే. ఒక ఫైలు ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలనుకునే నాలాంటివారైతే మొదటి దరఖాస్తులోనే తనిఖీ అడగండి.