ఎలుక జ్వరానికి యాంటీబాడీ పరీక్ష: మూడో రోజు నెగెటివ్, పదో రోజు పాజిటివ్

నీరు నిలిచిన సెల్లారును చెప్పులైనా లేకుండా శుభ్రం చేసిన తొమ్మిదో రోజున నాకు చలిజ్వరం మొదలైంది. పిక్కల నొప్పికి మంచం దిగి నిలబడటమే కష్టమైంది. కళ్లు ఎర్రబడ్డాయి గానీ పుసి లేదు. ఇదంతా విన్న వైద్యుడు ఎలుక జ్వరాన్ని, అంటే లెప్టోస్పైరోసిస్‌ను, అనుమానించి యాంటీబాడీ పరీక్ష రాశారు. దానిని ఒకే ల్యాబులో రెండుసార్లు చేయించుకున్నాను కనుక పరీక్షను గురించీ, ల్యాబును గురించీ విడివిడిగా చెప్పగలను.

మొదటిసారి వెళ్లింది జ్వరం వచ్చిన మూడో రోజున. రక్తం తీసినామెది తేలిక చెయ్యి, సూది దిగిన సంగతే తెలియలేదు. సీరంను, అంటే రక్తం నుంచి వేరుచేసిన ద్రవాన్ని, స్ట్రిప్పు మీద వేశాక, పరీక్ష సరిగ్గా పనిచేసిందని చూపే కంట్రోల్ దగ్గర ఒక్క గీత మాత్రమే తేలింది. "లెప్టోస్పైరా ఐజీఎం: నెగెటివ్" అని ఒకే ఒక పంక్తి ఉన్న కాగితం చేతికిచ్చారు.

నా ఫిర్యాదంతా ఆ పంక్తి మీదనే. ఈ పరీక్ష వెతికేది సూక్ష్మజీవిని కాదు, దానిని ఎదుర్కొనేందుకు శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలను, అందులోనూ మొదట పుట్టే ఐజీఎం రకాన్ని. అవి పరీక్షకు అందేంతగా పెరగడానికి జ్వరం మొదలైన తరువాత సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది కాబట్టి, మూడో రోజున వచ్చిన నెగెటివ్‌ను పట్టుకొని జబ్బు లేదని చెప్పడానికి వీల్లేదు. మొదటి వారంలో సూక్ష్మజీవి జన్యుపదార్థాన్నే వెతికే పీసీఆర్ పరీక్షను రక్తానికి చేయడమే ఎక్కువ ప్రయోజనకరం. ఏమైనా తిన్నారా అని రెండుసార్లు అడిగిన ల్యాబువారు జ్వరం ఎన్నో రోజని ఒక్కసారీ అడగలేదు. అదృష్టవశాత్తు మా వైద్యుడు ఆ కాగితాన్ని పక్కన పెట్టి అదే రోజు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు; ఈ జబ్బు అనుమానం బలంగా ఉన్నప్పుడు రిపోర్టు కోసం చికిత్సను ఆపరు.

పదో రోజున చేసిన ఐజీఎం ఎలైసా (అవే యాంటీబాడీలను రంగు మార్పుతో కొలిచే పరీక్ష) స్పష్టంగా పాజిటివ్ వచ్చింది. జబ్బు కలిగించే లెప్టోస్పైరా బాక్టీరియాలలో 250కి పైగా సీరోవార్‌లు, అంటే ఉపరకాలు, ఉన్నా, వాటిలో చాలావాటికి ఉమ్మడిగా ఉండే యాంటీజెన్‌ను (యాంటీబాడీ గుర్తుపట్టి అతుక్కునే పదార్థాన్ని) వాడటం వల్ల ఒకే పరీక్షతో పని జరుగుతుంది. అయితే ఏ రకం సోకిందో ఇది చెప్పదు. పైగా ఐజీఎం కొందరిలో నెలల తరబడి నిలిచి ఉంటుంది గనుక, ఒక్క పాజిటివ్‌ను చూసి ఇప్పటి జ్వరానికి అదే కారణమని తేల్చలేము.

ఆ సందేహం తీర్చేది మ్యాట్ అనే పరీక్ష. పలుచన చేసుకుంటూ పోయిన సీరంను బతికున్న లెప్టోస్పైరాలతో కలిపి డార్క్‌ఫీల్డ్ మైక్రోస్కోపు కింద చూస్తారు. ఎంత పలుచన వరకు వాటిలో సగం గుంపుకడతాయో అదే టైటర్. రోజుల తేడాతో తీసిన రెండు శాంపిళ్ల మధ్య టైటర్ నాలుగు రెట్లయినా పెరిగితే జబ్బు నిర్ధారణ అయినట్టే. ఇందుకు మూడో రోజు సీరం ఎంతో అక్కరకు వచ్చేది, కానీ దానిని అప్పటికే పారేశారు. పదో రోజు, ఇరవై నాలుగో రోజు శాంపిళ్లనే రెఫరెన్స్ ల్యాబుకు పంపితే టైటర్ 1:100 నుంచి 1:800కు పెరిగినట్టు తేలింది. ఆ ఫలితం వచ్చేనాటికి నేను కోలుకొని పనిలో చేరిపోయాను. చికిత్సకు కాదు గానీ, నిర్ధారణకు మాత్రం పనికివచ్చింది.

ఎలైసాకు అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను. ల్యాబుకు రెండు, అవి కూడా సూది వేసిన ఆ చేతికే. జ్వరం ఎన్నో రోజో నమోదు చేసుకోండని కౌంటర్‌లో అడిగితే ఫారంలో అలాంటి గడి లేదన్నారు. రెండోసారి "జ్వరం పదో రోజు" అని ఫారం అంచున నేనే పెన్నుతో రాసి ఇచ్చాను. రిపోర్టులో ఆ మాట రాలేదు.