క్రాప్స్ పాయింట్లు: మెషీనా, టేబులా?

లాస్ వేగస్ కాసినోల్లో పాచికల మీద పందెం కాసే ఆట క్రాప్స్, అక్కడ రెండు రకాలు. మనుషులు పాచికలు విసిరే టేబుల్ ఒకటి, గాజు బుడగలో పాచికలు వాటంతటవే ఎగిరే మెషీన్ ఇంకొకటి. ఆడినందుకు కాసినో తన సభ్యత్వ కార్డులో వేసే రివార్డ్ పాయింట్ల కోసం దేని దగ్గర ఆడాలి?

మెషీన్: కార్డు దూర్చి, స్క్రీన్ మీద పేరు వచ్చిందో లేదో చూసుకోండి. పాయింట్ల లెక్క గెలుపోటముల మీద కాదు, కాసిన మొత్తం మీద.
టేబుల్: చిప్స్ (పందెం బిళ్లలు) కొనేటప్పుడే కార్డు ఇవ్వాలి. సగటు పందెం, ఆడిన సమయం సూపర్‌వైజర్ కంటి అంచనాతో రాసుకుంటారు. ఆయన చూపు అటు తిరిగినప్పుడు పెట్టిన పెద్ద పందెం గాలికే!

మెషీన్ మీద కనీస పందెం సాధారణంగా తక్కువ, టేబుల్ మీద ఎక్కువ.

అసలు మెలిక ఆడ్స్ పందెంలో, అంటే పాస్ లైన్ అనే ప్రధాన పందేనికి అదనంగా కాసే దాంట్లో ఉంది. దాని మీద కాసినోకి లాభం సున్నా, కాబట్టి చాలాచోట్ల పాయింట్లూ సున్నానే. పాస్ లైన్ మీద మాత్రం కాసినో వాటా 1.41 శాతం. 5 డాలర్ల చొప్పున 100 సార్లు కాస్తే సగటున 7 డాలర్లు పోతాయి. 15 డాలర్లయితే 21. స్లాట్ మెషీన్లతో పోలిస్తే మెషీన్ క్రాప్స్‌కి పాయింట్లు తక్కువ ఇచ్చే కాసినోలూ ఉన్నాయి, ముందే కౌంటర్‌లో అడగండి.

చిన్న బడ్జెట్, ఒంటరిగా ఆడాలి, ప్రతి డాలరూ లెక్కలో పడాలి అంటే మెషీన్. పెద్ద పందేలు కాస్తూ, భోజనమో గదో ఉచితంగా అడిగే ధైర్యం ఉంటే టేబుల్. గోల, కేకలు కూడా అక్కడే.