చేతితో చేసిన జపాన్ సుత్తా, కార్ఖానాదా, మన సుత్తేనా: ఏది మేలు?

నా పనిబల్ల మీదున్న సుత్తిని చూసినవాళ్లు ముందు చేతిలోకి తీసుకుని రెండుసార్లు ఊపుతారు, తర్వాత ధర అడుగుతారు. చెప్పాక వచ్చే మాట అందరిదీ ఒకటే: "సుత్తికి అంతెందుకండీ?" కొత్తగా చెక్కపని మొదలుపెట్టినవాళ్లయితే ఇంకో ప్రశ్న కూడా వేస్తారు: "నేనూ అదే కొననా, మామూలుది చాలా?" ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ ఓపిక అయిపోయింది. అందుకే ఒకేసారి రాసేస్తున్నాను.

పోటీ మూడింటి మధ్య. జపాన్‌లో కమ్మరి కొలిమి దగ్గర ఒక్కొక్కటిగా చేసిన గెన్నో (జపాన్ వడ్రంగి సుత్తి), అదే ఆకారంలో కార్ఖానాలో తయారైన గెన్నో, హార్డ్‌వేర్ షాపులో దొరికే మన సుత్తి. మొదటిది నా దగ్గరకు వచ్చి ఏడాదిన్నర అయింది. రెండోదాన్ని అంతకుముందు మూడేళ్లు వాడాను. మూడోది మా ఇంట్లో నాకంటే ముందు నుంచీ ఉంది.

మన సుత్తి సంగతి ముందు తేల్చేద్దాం. వెనక రెండు కొమ్ములుంటాయి కాబట్టి మేకు కొట్టినా, వంకర పోయిన మేకు పీకినా అదే. గెన్నోతో మేకు పీకలేరు. గోడకు ఫొటో తగిలించడం, తలుపుకు గొళ్లెం బిగించడం, పెట్టె మూత ఊడదీయడం ఇవే మీ పనులైతే ఇంకేం కొనకండి.

ఉలితో పని ఉన్నవాళ్లు మాత్రం సుత్తి కంటే ముందు తమ ఉలి తలను చూసుకోవాలి. కొట్టి వాడే జపాన్ ఉలి పిడికి రోకలికి ఉన్నట్టే ఇనుప పొన్ను ఉంటుంది. ఇనుప సుత్తితో కొట్టడానికే ఆ పొన్ను. మన బజారులో దొరికే చెక్కపిడి ఉలికి చాలావరకు అది ఉండదు. దాన్ని గెన్నోతో నాలుగు రోజులు కొడితే పిడి తల చీపురులా విచ్చుకుంటుంది. అలాంటి ఉలికి కొయ్య సుత్తి పెట్టుకోండి, గట్టి చింత మొద్దుతో మీరే చేసుకోవచ్చు. మన వడ్రంగుల్లో చాలామంది అది కూడా పెట్టుకోరు, బాడిశ వెనక వైపుతోనే ఉలిని కొట్టేస్తారు.

ఇక మిగిలినవి రెండు గెన్నోలు. రెండింటికీ ఒక ముఖం చదునుగా, ఇంకోటి పిసరంత ఉబ్బుగా ఉంటుంది. చదునుది ఉలికి. ఉబ్బుది మేకుకు చివరి దెబ్బ వేయడానికి, చెక్క మీద నెలవంక గాయం పడకుండా. ఇక్కడిదాకా తేడా లేదు. మరి ధరలో తేడా ఎందుకు? కార్ఖానాది కొన్ని వేల యెన్లలో వస్తుంది. పేరున్న కమ్మరిదైతే పదుల వేలల్లోకి వెళ్తుంది.

అందరూ ఉక్కు గురించే మాట్లాడతారు. ముఖాలు రెండూ కాల్చి ముంచి గట్టిపరిచినవి, నడుమ మెత్తగా వదిలినది, అందుకే చేతికి అదురు తెలియదు అంటారు. నిజమే. కానీ మంచి కార్ఖానా గెన్నో కూడా ముఖాలనే గట్టిపరుస్తుంది. నా కళ్లకు గంతలు కట్టి ఒకే కామ (పిడికర్ర) వేసి కొట్టమంటే, ఉక్కులో తేడా చెప్పగలనని నేను పందెం కాయను.

నా మటుకు నాకు తేడా అంతా కన్నులోనే ఉంది. కామ దూరే రంధ్రంలో.

మన సుత్తి కన్ను పెద్దగా, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. కామ దూర్చి పైనుంచి చీల దిగ్గొడితే కొయ్య విచ్చుకుని పట్టుకుంటుంది. కన్ను కాస్త అటూ ఇటూ ఉన్నా చీల సర్దేస్తుంది. గెన్నో కన్ను సన్నగా, నిలువు చదరంగా ఉంటుంది. చిన్న కన్ను కాబట్టి ఇనుము ఎక్కువ మిగులుతుంది, చిన్న తలలోనే బరువంతా ఉంటుంది. ఇందులో కామను చీల లేకుండా బిగించడం పాత పద్ధతి. కొయ్యకూ ఇనుముకూ మధ్య ఒరిపిడి తప్ప ఇంకే ఆధారమూ ఉండదు. కాబట్టి కన్ను నాలుగు గోడలూ సాపుగా, నిటారుగా ఉండి తీరాలి.

నా కార్ఖానా గెన్నోకు వచ్చిన కామ విరిగినప్పుడు కన్నులోకి టార్చి వేసి చూశాను. ఒక గోడ నడుమ ఉబ్బింది, ఒక మూల గుండ్రంగా పోయింది. కొత్త కామ ఎంత ఓపికగా చెక్కినా రెండు చోట్ల ఆనింది, మిగతా చోట్ల సందు మిగిలింది. చివరికి చీల కొట్టి ఊరుకున్నాను. చేతి గెన్నో వచ్చిన రోజు కూడా మొదట చేసిన పని అదే. కన్నులోంచి కిటికీ వైపు చూస్తే వెలుతురు నాలుగు మూలలా సూటిగా కత్తిరించినట్టు కనిపించింది. ఎర్రగా కాలిన ఉక్కులో రంధ్రం ఇంత తిన్నగా దించడమే ఈ పనిలో కష్టమైన భాగం. నీగతా ప్రాంతపు హసెగవా కోసబురో చేసిన తలలు ఇప్పుడు ఎక్కువగా సేకరించేవాళ్ల దగ్గరే ఉంటున్నాయి. అదే ప్రాంతంలోని సాంజోలో గెన్నోలు చేసే కమ్మరులు ఇప్పటికీ ఉన్నారు.

ఇంకో సంగతి. ఇలాంటి తలలను చాలాసార్లు కామ లేకుండానే అమ్ముతారు. ఇంత పెట్టి కొన్న సుత్తి సగమే వస్తుందన్నమాట, మిగతా సగం మీరు చేసుకోవాలి. అక్కడ తెల్ల ఓక్ కర్రో, గుమి అనే చెట్టు కర్రో, ఉషికొరోషి అనే దాని కర్రో వాడతారు. నేను ఆరబెట్టిన నల్లతుమ్మ వాడాను. మన పల్లెల్లో పారకూ గొడ్డలికీ తుమ్మ కామ వేయడం ఎవరికీ కొత్త కాదు.

కామ కొసను కన్ను కంటే వెంట్రుకవాసి లావుగా ఉంచి, ఆ కొసను నాలుగు వైపులా మెల్లగా కొట్టి నలగ్గొట్టాలి. దీన్ని కిగొరోషి అంటారు, అంటే కొయ్యను చంపడం. చచ్చిన కొయ్య కన్నులో దూరుతుంది. లోపలికి వెళ్లాక మళ్లీ ఉబ్బి బిగుసుకుంటుంది. బెజ్జంలో దిగే కొసలకూ జపాన్ వడ్రంగులు ఇదే చేస్తారు, సుత్తి ఉబ్బు ముఖానికి కిగొరోషి ముఖమనే పేరు కూడా ఉంది. (ఈ సుత్తి చుట్టూ చంపడాలు ఎక్కువే. ఉషికొరోషి అంటే ఎద్దును చంపేది. గెన్నో అన్న పేరేమో, జపాన్‌లోని నాసులో ప్రాణాలు తీసే రాయిని బద్దలు కొట్టిన జెన్ సన్యాసి గెన్నో నుంచి వచ్చిందని కథ. ఆ రాయి అక్కడ నిజంగానే ఉంది, 2022 మార్చిలో రెండుగా పగిలి వార్తల్లోకి కూడా ఎక్కింది.)

కొసను కన్నులో పెట్టాక తలను కిందికి వేలాడేలా కామను గాల్లో పట్టుకుని, కామ మడమ (చేత్తో పట్టుకునే వైపు కొస) మీద కొయ్య సుత్తితో కొట్టాలి. ఒక్కో దెబ్బకీ తల కామ మీదికి పాకుతూ వస్తుంది. మొదటిసారి చూస్తే గారడీలా ఉంటుంది. నిజానికి కదిలేది కామే, బరువైన తల ఉన్నచోటే ఉంటుంది.

నేను తప్పు చేసింది ఇక్కడే. ముచ్చట ఆగక జూలైలో, హైదరాబాద్ ముసురులో కామ బిగించాను. రాయిలా కూర్చుంది. ఏప్రిల్ వచ్చేసరికి టేకు ముక్కలో బెజ్జం తీస్తుంటే దెబ్బ చప్పుడు మారింది. టంగ్‌మనేది చప్పగా వినిపించింది. చూస్తే తల రెండు మిల్లీమీటర్లు జరిగి ఉంది. వానల్లో ఉబ్బిన కొయ్య ఎండల్లో చిక్కింది, అంతే. మేలో, కొయ్య బాగా ఎండినప్పుడు కొత్త కామ చెక్కి బిగించాను. ఆ తర్వాత ఇప్పటిదాకా మళ్లీ కదల్లేదు. కార్ఖానా సుత్తికి ఈ టెన్షన్ లేదు, వదులైతే ఇంకో చీల కొడితే సరి. ఈ ఒక్క విషయంలో దానికే మార్కులు.

అయినా నేను వెనక్కి వెళ్లను. కామ నాది కాబట్టి కొలత నాది. తలను గుప్పిట్లో పట్టుకుంటే కామ మడమ మోచేతి మడతకు వస్తుంది. సుత్తిని చదును ముఖం మీద బల్లపై ఆనిస్తే కామ మడమ కూడా బల్లను తాకేంత దగ్గరికి వస్తుంది. ఇవి రెండూ కుదిరాక 12 మిల్లీమీటర్ల ఉలి మీద దెబ్బ ముఖం నిండా పడటం మొదలైంది. ఉలి పక్కకు తూలడం తగ్గింది, మణికట్టు నొప్పి పోయింది. దీనిలో ముప్పావలా వంతు కామ చలవే, కమ్మరిది పావలా. కాబట్టి మీది మొదటి గెన్నో అయితే కార్ఖానాదే కొనండి, దానితో వచ్చిన కామ తీసేసి మీరే ఒకటి చెక్కి వేయండి. రెండు కామలు వేసేసరికి కన్ను సరిగా లేదని మీకే చిరాకు పుడితే, అప్పుడు డబ్బు పెట్టండి. పుట్టకపోతే డబ్బు మిగిలింది.

బరువు విషయానికొస్తే, మోన్మె అనే పాత కొలతలో ఉంటాయి. 100 మోన్మె అంటే 375 గ్రాములు, ఒక్కటే కొనేవాళ్లకు అది చాలు. సన్న ఉలులకు 60 మోన్మె, అంటే 225 గ్రాములది. ఆకారాల్లో పొట్టిగా లావుగా ఉండే దరుమాకు ముఖం పెద్దది కాబట్టి ఉలి మీద గురి తప్పదు. ఎనిమిది పలకలది మేకులకూ ఉలికీ రెండింటికీ పనికొస్తుంది. మిగతావి చూడ్డానికి బాగుంటాయి. ఏది కొన్నా గట్టిపరిచిన ముఖాన్ని ఇంకో సుత్తి ముఖంతో కొట్టకండి, అంచు పెచ్చులా ఎగిరి కంట్లో పడొచ్చు.

పాత కార్ఖానా గెన్నోను పారేయలేదు. కన్నులో ఆ ఉబ్బును సన్న ఆకురాయితో రెండు సాయంత్రాలు అరగదీసి మా మేనల్లుడికి ఇచ్చాను. కామ కూడా చెక్కి ఇవ్వు మామయ్యా అన్నాడు. తుమ్మ ముక్క అటక మీద ఆరుతోంది, మే నెలలో రా, నువ్వే చెక్కుకుందువు అన్నాను.