మోన్సాల్ ట్రైల్: పట్టాల్లేని రైలు దారిలో సైకిల్ మీద

మాంచెస్టర్, షెఫీల్డ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్ అనగానే కొండలెక్కడమే గుర్తొస్తుంది. పిల్లల్నీ పెద్దవాళ్లనీ వెంటేసుకుని వెళ్లేవాళ్లకు నేనైతే మోన్సాల్ ట్రైలే చెప్తాను. 1863లో రైళ్లు మొదలై, 1968లో మూతపడిన లైను ఇది. పట్టాలు పీకేసిన ఆ దారిలో ఇప్పుడు బేక్‌వెల్ నుంచి బ్లాక్‌వెల్ మిల్ దాకా 8.5 మైళ్లు హాయిగా తొక్కొచ్చు. కార్ల గోల లేదు. రైలు కోసం చదును చేసిన దారి కాబట్టి ఆయాసమూ లేదు.

సైకిళ్లు బేక్‌వెల్ వైపున్న పాత హాసప్ స్టేషన్ దగ్గర అద్దెకు దొరుకుతాయి. వారాంతమైతే ముందే బుక్ చేసుకోండి. ఇటు నుంచి మొదలుపెట్టడమే మంచిది. వెళ్లేటప్పుడు దారి తెలిసీ తెలియనట్టు పైకి పోతుంది. వచ్చేటప్పుడు, అదీ కడుపు నిండాక, పెడల్ వేయకుండానే సైకిల్ సాగిపోతుంటే ఆ సుఖమే వేరు.

అసలు మజా సొరంగాల్లో ఉంది. 2011లో వీటిని తెరిచారు. పెద్దవి నాలుగు, ఒక్కోటీ 400 మీటర్లకు అటూ ఇటూ. బయట ఎండ కాస్తున్నా లోపలికి వెళ్లగానే ఒళ్లు జిల్లుమంటుంది. పైనుంచి నీటిచుక్క సరిగ్గా మెడ మీదే పడుతుంది. గోడలకు పాత ఇంజన్ల మసి ఇంకా అంటుకునే ఉంది. పిల్లలు కేకలేసి ప్రతిధ్వని వినందే బయటికి రారు. లైట్లు పగలే ఉంటాయి, చీకటి పడకముందే తిరిగొచ్చేయాలి.

హెడ్‌స్టోన్ సొరంగం దాటగానే వయాడక్ట్, అంటే లోయ మీద కట్టిన ఎత్తైన రైలు వంతెన, కింద వై నది. ఈ రైలు వేసి లోయను నాశనం చేశారని అప్పట్లో రచయిత జాన్ రస్కిన్ మండిపడ్డాడు. ఇప్పుడు జనం ఫొటోలు తీసుకునేది ఆ వంతెనకే! దాని అందం చూడాలంటే మాత్రం సైకిల్‌కి తాళం వేసి పైనుంచి లోయంతా కనిపించే మోన్సాల్ హెడ్ దాకా నడవాలి.

తిండి సంగతికొస్తే, హాసప్ కేఫ్ బాగుంటుంది కానీ మధ్యాహ్నం క్యూ ఎక్కువ. మిల్లర్స్ డేల్ పాత స్టేషన్లోనూ కేఫ్ ఉంది. మేం పులిహోర కట్టుకెళ్లాం కాబట్టి టీతో సరిపెట్టుకున్నాం. ఈ ఊరి పేరున్న స్వీటు బేక్‌వెల్ పుడ్డింగ్‌లో గుడ్డు ఉంటుంది, తిననివాళ్లు చూసుకోండి.

రాత్రికి బేక్‌వెల్‌లో ఓ బి అండ్ బిలో (పడక, పొద్దుటి టిఫిన్ ఇచ్చే చిన్న బసలో) దిగాం. గది శుభ్రంగానే ఉంది. మెట్లు మరీ నిటారుగా ఉండి అత్తయ్యగారు ఇబ్బంది పడ్డారు. పైగా పార్కింగ్ ఉందన్నవాళ్లు, తీరా వెళ్లాక వీధిలో వెతుక్కోమన్నారు. కారు లేనివాళ్లకు బక్స్టన్‌లో దిగడమే నయం, మాంచెస్టర్ రైలు అక్కడిదాకా వస్తుంది. కానీ అక్కణ్నుంచి ట్రైల్‌కి ఏ6 రోడ్డు మీద సైకిల్ తొక్కొద్దు, ట్రాఫిక్ ఎక్కువ. బేక్‌వెల్ బస్సెక్కేయండి.