మూడేళ్ల ఫిల్మ్ డిగ్రీ: ఫీజు కట్టే ముందు సౌండ్ రూమ్ చూడండి

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి మా సాయినగర్‌లోనే ముగ్గురు అడిగారు, అక్కా నువ్వు చదివిన సినిమా డిగ్రీ ఎట్లుంది, మేము చేరొచ్చా అని. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. మాది అనంతపురం. బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీఏ ఫిల్మ్ మేకింగ్ చేశాను, ఆరు సెమిస్టర్లు. ఏడాదికి ఫీజు 1,40,000, హాస్టల్ వేరే. పేరు రాయను, ఎందుకంటే వేరే కాలేజీల్లో ఇదే చదివిన ఫ్రెండ్స్ చెప్పిన కష్టాలు కూడా దాదాపు ఇవే. నేనైతే 5కి 3 ఇస్తాను. ఆ మూడూ మనస్ఫూర్తిగా ఇస్తున్నాను, పోయిన రెండూ ఎందుకు పోయాయో కూడా చెప్తాను.

మొదటి సెమిస్టర్‌లో ఎడిటింగ్ చెప్పిన మేడమ్ మమ్మల్ని కెమెరా ముట్టుకోనివ్వలేదు. ఒక సీన్‌ను ముందు సౌండ్ ఆపేసి చూపించేవారు, తర్వాత తెర ఆపేసి సౌండ్ ఒక్కటే వినిపించేవారు, మూడోసారి రెండూ కలిపి. ప్రతిసారీ ఏం గమనించామో రాసి ఇవ్వాలి. నెల రోజులు విసుగొచ్చింది, తర్వాత చూస్తే నేను ఏ సినిమానూ పాత పద్ధతిలో చూడలేకపోతున్నాను, కట్ (ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు మారే చోటు) ఎక్కడ పడుతోందో, ఎందుకు పడుతోందో కళ్లు వాటంతటవే పట్టేస్తున్నాయి. రష్యాలో వందేళ్ల కిందట లెవ్ కులెషోవ్ అనే ఆయన ఒకే మొహం షాట్‌ను ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించి చూపిస్తే జనానికి ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం కనిపించిందంట, మొహం మాత్రం అదే. ఇది మేడమ్ చెప్పి వదిలేయలేదు, మా చేత చేయించారు. దసరా సెలవులకు ఇంటికొచ్చినప్పుడు నేను నాయన మొహం తీశాను. నాయన శెనక్కాయల మండీలో గుమాస్తా. కాసేపు ఆ గోడ వైపు చూడు నాయనా అంటే చూశాడు, అంతే. ఆ షాట్ తర్వాత ఒకసారి వాన లేక ఎండిపోయిన చేను పెట్టాను, ఇంకోసారి నిద్రపోతున్న మా అక్క కొడుకుని పెట్టాను. క్లాసులో మొదటిది వేసినప్పుడు బళ్లారి నుంచి వచ్చిన అమ్మాయి కళ్లు తుడుచుకుంది. ఇంట్లో నాయనకు చూపిస్తే, "నేను సూసింది గోడే కదమ్మా" అని మళ్లీ వేయమన్నాడు. ఆ ఒక్క అసైన్‌మెంట్‌కే మొదటి ఏడాది ఫీజు సరిపోయిందని ఇప్పటికీ అనుకుంటాను.

కెమెరాల సంగతి దీనికి పూర్తిగా వేరు. బ్రోచర్‌లో లైన్‌గా పేర్చిన కెమెరాల ఫోటో ఉంది. మా బ్యాచ్‌లో 42 మందిమి, పనిచేసే కెమెరాలు రెండు. సెమిస్టర్‌కు ఒక్కొక్కరికి మూడు రోజులు చేతికొస్తే అదృష్టం, అందులో ఒక రోజు బ్యాటరీ చార్జింగ్‌కే పోతుంది. కెమెరా పని నేను నేర్చుకున్నది చాలా వరకు ఫోన్‌లో, మాన్యువల్ యాప్ వేసుకుని. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తీస్తే వీడియో ఎందుకు వణుకుతుందో మూడు నెలలు అర్థం కాలేదు. యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు చెప్పినట్టు షట్టర్, అంటే ఒక్కో ఫ్రేమ్‌కు వెలుతురు పడే సమయం, 1/60 సెకను పెట్టేదాన్ని. వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్, మనది 50, పాత చోక్ ట్యూబ్‌లైట్ సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంటుంది, మనం 1/50 పెడితే ఆ వణుకు పోతుంది. ఇంత చిన్న విషయం ల్యాబ్‌లో మొదటి వారమే ఎవరైనా చేతికి కెమెరా ఇచ్చి చూపించాల్సింది.

ఇక సౌండ్. నా బాధ అంతా ఇక్కడే ఉంది. రెండో ఏడాది సౌండ్ చెప్పే సార్ మధ్యలో మానేశారు, ఆయన జాగాలో ఎవరినీ తీసుకోలేదు, సెమిస్టర్ మొత్తం గెస్ట్ లెక్చర్లతో నడిపి పరీక్ష పెట్టేశారు. దాని ఫలితం చివరి ఏడాది మేమే తీయాల్సిన డిప్లొమా ఫిల్మ్‌లో చూశాను. తాడిపత్రి దగ్గర పెన్నా ఇసుకలో షూటింగ్ పెట్టుకున్నాం, బుగ్గ రామలింగేశ్వరుడి గుడికి కొంచెం దూరంలో. ఆరుగురం, ఇద్దరు నటులు, అద్దె మైకు. మన జిల్లాలో గాలి మరలు ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు, నాకూ తెలుసు, అయినా మైకుకు స్పాంజి తొడుగు ఒక్కటే వేసి బయల్దేరాను. ఆ గాలికి స్పాంజి చాలదు, దాని మీద బొచ్చు కవర్ ఉండాలి. ఇంకో తప్పేమిటంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరూ వినలేదు, మీటర్‌లో గీతలు కదులుతుంటే చాలనుకున్నాం. రాత్రి రూమ్‌లో వేసుకుని వింటే మాటల మీద మొత్తం బుసబుసమని గాలి. రోజంతా తీసిన డైలాగ్ పోయింది. ఆ నటుల్లో ఒకాయన పక్క ఊరి బడి టీచర్, సెలవు పెట్టుకుని వచ్చాడు, మళ్లీ రమ్మనడానికి మొహం చెల్లలేదు. డబ్బింగ్ చేద్దామంటే, ఆయన మాటలో ఉన్న ఆ సీమ యాస, ఆ నిదానం, ఏసీ గదిలో రాలేదు. పైగా ఆ జాగాలో ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం ఊరికే రికార్డు చేసుకుని ఉంటే ఎడిటింగ్‌లో అతుకులు కప్పడానికి పనికొచ్చేది, అదీ చేయలేదు. ఇవన్నీ సౌండ్ సార్ ఉండి ఉంటే మొదటి క్లాసులోనే చెప్పేవి.

అదే షూటింగ్‌లో బాగా వచ్చింది కూడా ఒకటుంది. మాకు రాత్రి సీన్ కావాలి, లైట్లకు డబ్బు లేదు. సాయంత్రం నాలుగింటికి సూర్యుడు నటుల వెనక ఉండేలా నిలబెట్టి, ఆకాశం ఫ్రేమ్‌లోకి రాకుండా చూసుకుని, ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి పడే వెలుతురు, బాగా తగ్గించి తీశాం, తర్వాత ఎడిటింగ్‌లో కొంచెం నీలం వేస్తే ఇసుక వెన్నెల్లో ఉన్నట్టే వచ్చింది. ఈ పద్ధతి క్లాసులో హాలీవుడ్ ఉదాహరణలతో చెప్పారు. తీసేసి ఇంటికొచ్చాక మా అమ్మ అంది, మాయాబజార్ పడవ పాటలో వెన్నెల కూడా ఎండలో తీసిందే అంటారు కదా అని. 1957లో ఆ సినిమా తీసిన కె.వి. రెడ్డి పుట్టింది తాడిపత్రిలో, కెమెరా మార్కస్ బార్ట్‌లీది. నేను ఆ ఊరి ఇసుకలోనే నిలబడి ఆయన పేరు తలుచుకోలేదు. డైరెక్టర్ బి.ఎన్. రెడ్డి, ప్రొడ్యూసర్ నాగిరెడ్డి అన్నదమ్ములు కూడా మన సీమ వాళ్లే, కడప జిల్లా, పెద్దాయనకు 1974కు, తమ్ముడికి 1986కు ఫాల్కే అవార్డు వచ్చింది. మూడేళ్ల సిలబస్‌లో తెలుగు సినిమాకు దక్కింది రెండు క్లాసులు. బెంగళూరు కాబట్టి కన్నడ సినిమాకైనా ఎక్కువ ఇచ్చారా అంటే అదీ లేదు. నాకు ఇది చిన్న లోపంగా అనిపించదు.

థియరీ పేపర్లు, ఇంగ్లీష్, ఎన్విరాన్‌మెంట్ లాంటివి అన్ని డిగ్రీల్లో ఉన్నట్టే ఉన్నాయి. క్లాస్‌మేట్స్ మాత్రం బంగారం. ఇప్పుడు చిన్న పెళ్లి వీడియో పనొచ్చినా మేమే ఒకరినొకరు పిలుచుకుంటాం.

సినిమా చదువుకు ఇదొక్కటే దారి కాదు. పుణెలోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో డైరెక్షన్, ఎడిటింగ్, సినిమాటోగ్రఫీ లాంటి కోర్సులు డిగ్రీ అయ్యాకే, ప్రవేశ పరీక్ష రాసి వెళ్లాలి, ఆ డిగ్రీ ఏదైనా పర్వాలేదు. సౌండ్ కావాలంటే ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలి, ఎంపీసీ వాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. బొమ్మలు, డిజైన్ వైపు నుంచి రావాలనుకుంటే కడపలోనే ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఇంట్లో డబ్బు కష్టమైతే ఆర్ట్స్ కాలేజీలో మామూలు డిగ్రీ చేస్తూ ఫోన్‌తో తీయండి, డావిన్చి రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌లో ఎడిటింగ్ నేర్చుకోండి, తర్వాత పుణె పరీక్ష రాయండి. నాయన నా కోసం తీసిన లోను ఇంకా రెండేళ్లు ఉంది కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

అయినా ప్రైవేటులోనే చేరతామంటే అడ్మిషన్ రోజు మూడు అడగండి. బ్యాచ్‌కి ఎంతమంది, పనిచేసే కెమెరాలు ఎన్ని, సౌండ్ చెప్పే మనిషి పర్మనెంటా కాదా. ఫైనల్ ఇయర్ వాళ్లను పక్కకు పిలిచి కూడా ఇవే అడగండి. సౌండ్ రూమ్ తాళం తీయించి లోపలికి వెళ్లి చూడండి. మేము వెళ్లిన రోజు తాళం సార్ దగ్గరుంది, ఆయన సెలవులో ఉన్నారన్నారు. నాయనకు సాయంత్రం బస్సు ఉంది, సరేలే అని ఫీజు కట్టేసి వచ్చేశాం.