సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? ముందు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి

గుంటూరు, విజయవాడ, ఖమ్మం చుట్టుపక్కల పాత కారు కోసం తిరుగుతున్నవాళ్లు, అందులోనూ ఇంట్లో ఇదే మొదటి కారు అయినవాళ్లు, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది పూర్తిగా చదవండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీట మునిగాయి. చాలాచోట్ల రోజుల తరబడి నీళ్లు తీయలేదు. అప్పుడు ఇళ్ల ముందు మునిగిపోయిన ఒక కారు, వరద అన్న మాటే ఎక్కడా రానివ్వకుండా, మాకు అమ్మారు.

నేను నరసరావుపేటలో ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్ని. నాన్నకి గుండె జబ్బు. చెకప్‌కి గుంటూరు వెళ్లాలంటే ఆటో, బస్సు, మళ్లీ ఆటో. ఆయన మెట్లెక్కి బస్సులో కూర్చునేసరికి ఆయాసంతో చెమటలు పట్టేవి. అందుకే కారు అనుకున్నాం, షోకుకి కాదు. 2025 ఉగాది వెళ్లాక గుంటూరు శివార్లలోని ఒక కార్ కన్సల్టెన్సీలో చూశాం. కేసు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు.

2020 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మీటరు మీద 41 వేల కిలోమీటర్లు, ఒకే ఓనరు. "బ్యాంకు మేనేజరు గారి బండి మాస్టారూ, ఆదివారం గుడికి తప్ప బయటికి తీయలేదు, లోకల్ బండి" అన్నాడు కన్సల్టెన్సీ ఓనరు. మా వెంట తెలిసిన మెకానిక్ కూడా వచ్చాడు. ఆయిల్ చూశాడు, ఇంజన్ సౌండ్ విన్నాడు, బైపాస్ మీద నడిపి చూశాడు. ఇంజన్ బాగుందన్నాడు. అది నిజమే, ఇంజన్ ఇప్పటికీ బాగానే ఉంది. నీళ్లలో మునిగిన బండి ఇంజన్ విప్పి కడిగి మళ్లీ బిగించవచ్చు. వైరింగ్‌ని అలా కడిగి బాగుచేయలేరు. పాత కారు అనగానే మనం బానెట్ ఎత్తి చూస్తాం, ఈ రకం మోసం మాత్రం కార్పెట్ కింద ఉంటుంది.

బేరం 4,60,000 దగ్గర తెగింది. 3 లక్షలు ఫైనాన్స్, 14 శాతం వడ్డీ, నాలుగేళ్ల గడువు, నెలకు దాదాపు 8,200 కిస్తీ. మిగతా 1,60,000 మా ఆవిడ చీటీ పాడి తెచ్చింది. పైన ట్రాన్స్‌ఫర్ ఖర్చులని 12,000, ఇన్సూరెన్స్ 11,500, లోన్ ప్రాసెసింగ్ ఫీజు 4,500. కోటప్పకొండలో పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు నలిగినప్పుడు నాన్న ముందు సీట్లో కూర్చుని ఉన్నారు. ఆయన ముఖంలో ఆ రోజు ఉన్న సంతోషం చూశాను కాబట్టే ఈ కోపం ఇంకా తగ్గడం లేదు.

వానలు మొదలయ్యాక ఒక్కొక్కటే బయటపడింది. ముందు ఏసీ వేయగానే ముక్కిపోయిన వాసన. తర్వాత ఎడమవైపు పవర్ విండో ఒక రోజు పనిచేస్తే రెండు రోజులు పనిచేసేది కాదు. సెంట్రల్ లాక్ దానంతటదే పడేది. ఒక రాత్రి గుంటూరు నుంచి వస్తుంటే డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది, ఇక ఆరలేదు.

మా ఊళ్లో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, అందరూ భాయ్ అంటారు. ఆయన కంప్యూటరు పెట్టి చూసి, ఏమీ అనకుండా డ్రైవరు సీటు బోల్టులు విప్పి సీటు బయటపెట్టాడు. కార్పెట్ అంచు పట్టుకుని పైకి లేపాడు. కింద ఫోమ్ చూడ్డానికి పొడిగానే ఉంది, వేలితో నొక్కితే చెమ్మ తగిలింది. సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాల్లో స్క్రూడ్రైవరుతో గీకితే సన్నటి బూడిదరంగు ఒండ్రు పెచ్చులుగా రాలింది. ఒక వైరింగ్ కనెక్టరు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. పిన్నులన్నిటికీ పచ్చగా చిలుము పట్టి ఉంది. ఆ తర్వాత సీటు బెల్టు లాగాడు. మామూలుగా మనం పెట్టుకునేంత మేర శుభ్రంగా, కొత్తదానిలా ఉంది. ఇంకా లాగాడు. ఎప్పుడూ లోపల చుట్టుకునే ఉండే భాగంలో, బెల్టుకి అడ్డంగా, గోధుమరంగు మట్టి గీత. దాని కింద బట్ట రంగే వేరుగా ఉంది. "మాస్టారూ, ఇది నీళ్లలో ఉన్న బండి. సీటు మునిగేదాకా నిలిచాయి నీళ్లు" అన్నాడు.

అప్పుడు ఆర్‌సీ తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. బండి నా పేరు మీదే ఉంది కాబట్టి పాత రికార్డు చూపించారు. ఆఖరి జాబ్ కార్డు, అంటే బండి సర్వీసుకి వచ్చినప్పుడు రాసుకునే కాగితం, 2024 సెప్టెంబరుది. బండిని టో చేసుకుని తెచ్చారు, నీళ్లు సీటు పైదాకా వచ్చాయి, రిపేరు అంచనా ఇచ్చారు అని ఉంది. ఆ తర్వాత అక్కడ రిపేరు చేసిన దాఖలా లేదు.

ఇలాంటి బండ్లు ఎక్కడి నుంచి వస్తాయో చెబుతాను. రిపేరు ఖర్చు బండి బీమా విలువలో, అంటే ఐడీవీలో, 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ వాళ్లు దాన్ని టోటల్ లాస్ కింద లెక్కగట్టి ఓనరుకి డబ్బిస్తారు. మిగిలిన బండి వేలంలో స్క్రాప్ వ్యాపారుల చేతికి పోతుంది. చాలాసార్లు ఆర్‌సీ రద్దు కాకుండా బండితో పాటే వెళ్తుంది. అది కొన్నవాడు కడిగించి, కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు వేసి, సెంటు కొట్టి అమ్ముతాడు. నీట మునిగిందని చెప్పి, ధర తగ్గించి అమ్మితే అది వ్యాపారం. "బ్యాంకు మేనేజరు గారి బండి" అని చెప్పి మంచి బండి ధర తీసుకోవడం మోసం. 2015లో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాదులో కూడా ఇలాగే వరదలు కార్లని ముంచేశాయి. బండి మునిగిన ఊళ్లోనే అమ్ముడుపోవాలని లేదు. లారీ మీద ఎక్కిస్తే పక్క జిల్లాలో, పక్క రాష్ట్రంలో దిగుతుంది.

నంబరు ప్లేటు చూసి ఏ ఊరి బండో కనిపెట్టే రోజులు పోయాయి. వెనకటికి ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 07 అంటే గుంటూరు అని చూడగానే తెలిసేది. 2019 జనవరి చివర్లో ఏపీ 39తో రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ వచ్చాక ఆ గుర్తు లేదు. "లోకల్ బండి" అంటే ఆర్‌సీలో రిజిస్ట్రేషన్ చేసిన ఆర్‌టీఏ ఆఫీసు ఏదో చదవండి. మా దాంట్లో విజయవాడ అని ఉంది. అడిగితే, ఆ మేనేజరు గారు అప్పట్లో అక్కడ పనిచేశారని జవాబు. అలాగని విజయవాడ బండ్లన్నిటినీ అనుమానించకండి. అక్కడ వేల బండ్లకి చుక్క నీరు తగల్లేదు, వాటి ఓనర్లు నిజాయితీగానే అమ్ముకుంటున్నారు. ఆర్‌సీలో ఊరు చూశాక ఇంకో నాలుగు ప్రశ్నలు అడగాలి, అంతే.

ఆ ప్రశ్నల్లో అన్నిటికన్నా పనికొచ్చేది పాత ఇన్సూరెన్స్ కాగితం. కన్సల్టెన్సీ వాళ్లు కొత్త పాలసీ చూపించి "ఏడాదిపాటు ఇన్సూరెన్స్ ఉంది" అంటారు. మీరు అంతకుముందు రెండు మూడేళ్ల పాలసీలు అడగండి. అందులో నో క్లెయిమ్ బోనస్ అని ఒక గడి ఉంటుంది. క్లెయిమ్ లేకుండా గడిస్తే అది ఏటా 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతూ పోతుంది. 35 ఉన్నది ఒక్కసారిగా సున్నా అయిందంటే సాధారణంగా ఏదో క్లెయిమ్ జరిగిందనే అర్థం. ఏం క్లెయిమో చెప్పమనండి. పాత పాలసీలే లేవంటే, లేదా పాత పాలసీ వరద నెలతో ఆగిపోయి కొన్ని నెలల ఖాళీ తర్వాత కొత్తది మొదలైతే, ఆ బండి దగ్గర ఇక నిలబడొద్దు. ఆ బోనస్ పాత ఓనరుదే, కొన్నవాళ్లకి రాదు. ఎవరైనా "50 శాతం బోనస్ మీకే" అంటే నమ్మకండి. ఆర్‌సీ మారాక 14 రోజుల్లోపు పాలసీ కూడా మీ పేరుకి మార్పించుకోవాలి. లేకపోతే మీ బండికి జరిగిన డ్యామేజీకి క్లెయిమ్ రావడం కష్టం.

రెండోది సర్వీస్ హిస్టరీ. పాత ఓనరు చేత కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేయించండి, లేదా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లండి. ఓనరు నంబరు ఇవ్వం అంటే ఆ బేరం వదిలేయండి. మాకు ఇవ్వలేదు, "సార్ ట్రాన్స్‌ఫర్ మీద బెంగళూరు వెళ్లిపోయారు" అన్నారు. కేంద్ర రవాణా శాఖ వారి ఎంపరివాహన్ యాప్‌లో ఎన్నో ఓనరు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, ఫైనాన్స్ ఉందా అనేవి కనిపిస్తాయి. అది తప్పకుండా చూడండి, కానీ బండి నీళ్లలో మునిగిందా అన్నది అందులో రాదు.

బండి దగ్గర చూడాల్సినవి చూపించడానికి వాళ్లు విసుక్కుంటే అదే మీకు జవాబు. నాలుగు బెల్టులూ చివరిదాకా లాగండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో టార్చ్ వేయండి. మూలల్లో మట్టి, తుప్పు దాక్కునేది అక్కడే. స్టీరింగ్ కింద ఫ్యూజ్ బాక్స్ మూత తీసి సెల్‌ఫోన్ లైటుతో చూడండి. అద్దాలన్నీ మూసి, బయటి గాలి రాకుండా ఏసీ పెట్టి కాసేపు లోపల కూర్చోండి. సెంటు వాసన మరీ ఘాటుగా ఉంటే అది ఎందుకో ఆలోచించండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు ఒకసారి వెలిగి ఆరాలి. వెలగనే వెలగకపోతే ఇంకా ప్రమాదం, ఆ లైటు కనిపించకుండా చేసి ఉండొచ్చు. ఇది డబ్బుకి సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఆ లైటు వెలిగి ఉంటే ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. అమ్మినవాడికి ఆ సంగతి తెలుసు. తెలిసే, ముందు సీట్లో గుండె జబ్బు మనిషిని కూర్చోబెట్టుకుని వెళ్తున్న నాకు తాళాలు ఇచ్చి స్వీటు పెట్టాడు.

అమ్మేవాడు ఎవరన్నది కూడా చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పాత బండ్ల డీలరు ఆర్‌టీఏ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి. బండి తన చేతికి వచ్చినట్టు ఓనరుతో కలిసి ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అప్పుడు ఆ బండి బాధ్యత డీలరుది అవుతుంది. మా దగ్గర అలాంటిదేమీ జరగలేదు. పాత ఓనరు సంతకాలున్న 29, 30 ఫారాలు, అంటే బండి పేరు మార్పు ఫారాలు, సొరుగులోంచి తీసి నా పేరు రాశారు. కాగితాల మీద ఆ కన్సల్టెన్సీ ఎక్కడా లేదు. ఉన్నదల్లా "ఉన్నది ఉన్నట్టుగా చూసుకుని కొన్నాను" అన్న ఒక స్టాంపు కాగితం. మీరు మాత్రం అందులో "ఈ వాహనం వరదలో మునగలేదు, టోటల్ లాస్ కాలేదు, అలా తేలితే డబ్బు వాపసు" అని ఒక వాక్యం రాయించండి. రాయనంటే కొనకండి. డబ్బు కూడా నగదుగా కాకుండా బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

ఇప్పటిదాకా రిపేర్లకి అయింది 70,200. అందులో వైరింగ్, కంట్రోల్ యూనిట్లకే 38,000. స్టార్టర్, ఆల్టర్నేటర్‌కి 16,500, కార్పెట్, ఫోమ్‌కి 8,500, బేరింగులకి 7,200. ఇన్సూరెన్స్ వాళ్లని అడిగితే మెకానికల్, ఎలక్ట్రికల్ లోపాలు పాలసీలోకి రావన్నారు. మామూలు పాలసీ నిబంధన అదే. కిస్తీలన్నీ కట్టేసరికి వడ్డీయే 93,500 దాకా అవుతుంది. అన్నీ కలిపితే 6 లక్షల 50 వేలు దాటింది. ఆ డబ్బుకి చిన్న కారు కొత్తదే, బేస్ మోడల్, వచ్చేసేది.

ఇలాగే మోసపోయినవాళ్లు ఉంటే ఊరుకోకండి. ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. అమ్మినవాడి ఊరు వెళ్లక్కర్లేదు, మీరు ఉండే చోటే వేయొచ్చు. ఇచ్చిన ధర 5 లక్షల లోపయితే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి, ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే పెట్టొచ్చు. జాబ్ కార్డు కాపీ, మెకానిక్ రాసిచ్చిన రిపోర్టు, బెల్టు మీద మట్టి గీత ఫోటో, వాట్సాప్‌లో ఆ కన్సల్టెన్సీ ఓనరు పంపిన మెసేజీలు, ఇవన్నీ నేను జత చేశాను. మీరు కూడా ఒక్క మెసేజీ తీసేయకండి.

నోటీసు వెళ్లాక ఆ కన్సల్టెన్సీ ఓనరు నుంచి కబురు వచ్చింది, బండి వెనక్కిస్తే 1,80,000 ఇస్తాడట. ఒప్పుకోలేదు. నేను వెనక్కిస్తే ఆ బండి మళ్లీ కడిగి ఇంకో కుటుంబానికి అమ్ముతారు.